వెనుకబడిన బాలుడు మరల ముందునకు రాగలడా?

నాలుగు సంవత్సరముల క్రిందట, సంక్రాంతికి కొలది దినములు ముందుగా, ఒక రైతు పొలము గట్టు తగాదా విషయమై మా ఆఫీసునకు వచ్చెను. కాగితములన్నియు చూచుట ముగిసిన పిమ్మట ఆతడు లేవక, చేతిసంచి నుండి మరియొక కాగితము తీసి బల్లపై నుంచెను. అది దస్తావేజు కాదు. తొమ్మిదవ తరగతి చదువుచున్న ఆతని కుమారుని ప్రోగ్రెసు కార్డు. గణితమున నూటికి 21, సామాన్యశాస్త్రమున 27, ఇంగ్లీషున 30, తెలుగున 52. బాలుడు వాకిటి యొద్ద తల వంచుకొని నిలిచి యుండెను. "అయ్యగారూ, వీడికిక చదువు అబ్బదంటారా? మాన్పించి ఏదైనా షాపులో పెట్టమంటున్నారు మావాళ్లు" అని ఆ తండ్రి యడిగెను. గట్టు తగాదాను గూర్చి చెప్పునపుడు లేని వణకు ఈ ప్రశ్న వేయునపుడు ఆతని కంఠమున వినబడెను.

ఈ ప్రశ్న ఆ యొక్క రైతుది కాదు. అర్ధసంవత్సర పరీక్షల మార్కులు ఇండ్లకు వచ్చు దినములలో మన రెండు తెలుగు రాష్ట్రములందును ప్రతి వీథిలో ఏదో యొక యింట ఈ ప్రశ్న పుట్టుచునే యున్నది. దీనికి లోకము రెండు విధములుగా సమాధానము చెప్పుచున్నది. "వీని పని అయిపోయినది" అనునది మొదటిది. "తొమ్మిదవ తరగతి మార్కులు ఎవరడుగుదురు? పదిలో చూచుకొందము" అనునది రెండవది. మొదటిది నిరాశ; రెండవది సోమరితనము. రెండును తప్పేయని మా యభిప్రాయము. వెనుకబడిన బాలుడు కళాశాల వాకిలి చేరులోపల మరల ముందునకు రాగలడు. కాని ఊరక కూర్చుండి రాజాలడు. ఎట్లు రాగలడో, అందుకు ఎవరెవరు తోడ్పడవలయునో విచారింతము.

వకీలు వృత్తి వారము గాన ముందుగా పత్రములను పరిశీలింతము. భయపడుటకు పూర్వము, ఎవరు ఏ కాగితము అడుగుచున్నారో తెలిసికొనుట మంచిది. మన రాష్ట్రములలో ఏ జూనియరు కళాశాలయు, ఏ ఇంజనీరింగు కళాశాలయు, ఏ విశ్వవిద్యాలయమును ప్రవేశమునకై తొమ్మిదవ తరగతి మార్కులను లెక్కింపదు. పదవ తరగతి మార్కులు ఇంటర్మీడియేటులో చేరునపుడు చూతురు. 2008లో స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమువారు తమ ట్రిపుల్ ఐటీలలోని ఆరేండ్ల చదువునకు వానినే ఆధారము చేసికొనుచున్నారు. పాలిటెక్నిక్కులో చేరుటకు పదవ తరగతి ఉత్తీర్ణతయు, పాలిసెట్టు ర్యాంకును చాలును. ఆ డిప్లొమా ముగించినవాడు ఈసెట్టు వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున తిన్నగా చేరవచ్చును. పదిలో మంచి మార్కులు రానివానికి ఇది తెరచియున్న రాజమార్గము. అయినను ఎందరు తలిదండ్రులకు దీని సంగతి తెలియును?

ఇంటర్మీడియేటు మార్కుల బరువు వేరు. ఎన్.ఐ.టి.లలోను ఐ.ఐ.టి.లలోను ప్రవేశమునకు పండ్రెండవ తరగతిలో నూటికి 75 మార్కులైనను రావలెను, లేక తన బోర్డులో పైనున్న ఇరువది శాతములో నిలువవలెను; షెడ్యూల్డు కులములు తెగల వారికి ఆ 75 అనునది 65. వైద్యవిద్యకు నీట్ పరీక్షకు తోడు భౌతిక, రసాయన, జీవశాస్త్రములలో సామాన్య వర్గమువారికి నూటికి 50 కావలెను. ఇంజనీరింగునకు గ్రూపు సబ్జెక్టులలో 45, రిజర్వేషను కలవారికి 40 ఉన్న చాలును. ఆంధ్రప్రదేశములో 2025 నాటి ప్రవేశపరీక్షలోను ఇంటర్మీడియేటు మార్కులకు నాలుగవ వంతు బరువు ఇచ్చిరి. తెలంగాణములో 2023 నుండి ఆ పద్ధతిని తీసివేసి ప్రవేశపరీక్ష ర్యాంకునే ప్రమాణము చేసిరి. మా న్యాయశాస్త్రపు ఐదేండ్ల కోర్సుకు ఏ గ్రూపు చదివినను సరే, 45 మార్కులు కావలెను. ఈ అంకెలను చూడుడు. తొమ్మిదవ తరగతిలో 21 మార్కులు తెచ్చుకొన్న బాలునకు మూయబడిన తలుపు వీనిలో ఒక్కటియు లేదు.

అయినను రెండు మినహాయింపులు చెప్పకున్న సత్యమును దాచినవారమగుదుము. 2021లో కోవిడు వలన పరీక్షలు రద్దయినపుడు కేంద్ర మాధ్యమిక విద్యాబోర్డువారు పండ్రెండవ తరగతి ఫలితములను పదవ తరగతి మార్కుల నుండి 30 వంతులు, పదకొండవ తరగతి నుండి 30, పండ్రెండవ తరగతి నుండి 40 చొప్పున కూర్చి ప్రకటించిరి. ఎవరును అడుగరనుకొన్న పాత మార్కులే ఆ యేడు సాక్షులై బోనెక్కినవి. మరియు, అమెరికాలో డిగ్రీ చదువగోరు మన పిల్లలను అచ్చటి కళాశాలలు తొమ్మిది మొదలు పండ్రెండు వరకు నాలుగు తరగతుల మార్కులను అడుగును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు మాత్రము తమ సగటును కట్టునపుడు తొమ్మిదవ తరగతి గ్రేడులను చేర్చరు. తక్కినవారిలో పెక్కుమంది, మొదట తగ్గి క్రమముగా పెరిగిన మార్కులను చూచి ఆ పెరుగుదలకు విలువ కట్టుదురు. కాబట్టి అక్కడను కథ ముగియదు. చెప్పుకొనుటకు ఒక మంచి కథ మొదలగును.

ఇంతవరకు విన్నవారిలో రెండవ తెగవారు, "అట్లయిన మేమన్న మాటయే నిజము గదా, తొమ్మిదిని మరచిపోవచ్చును గదా" యని సంతోషింపవచ్చును. ఆగుడు. మార్కులను లోకము మరచును; పాఠము మరువదు. సమరూప త్రిభుజములు రానివానికి పదవ తరగతిలో త్రికోణమితి రాదు. త్రికోణమితి రానివానికి ఇంటర్మీడియేటులో అవకలనము, సమాకలనము మ్రింగుడు పడవు. కారణాంకములు విడదీయలేనివాడు వర్గసమీకరణము నెదుట దిక్కుతోచక నిలుచును. భిన్నములను, నిష్పత్తులను ఆరేడు తరగతులలో తప్పించుకొన్నవాడు రసాయనశాస్త్రమున మోల్ లెక్క వచ్చినపుడు పట్టుబడును. ప్రామిసరీ నోటుపై బాకీకి మూడు సంవత్సరములలో కాలదోషము పట్టునని 1963 నాటి కాలపరిమితి చట్టము చెప్పుచున్నది. చదువు బాకీకి అట్టి కాలదోషము లేదు. ఏ యేటికా యేడు వడ్డీతో పెరిగి, సరిగా కళాశాల వాకిట అప్పులవాడై అది కూర్చుండును.

బాకీ ఎట్లు పడినదో తెలియకుండ తీర్చుట సాధ్యము కాదు. బాలుడు వెనుకబడుటకు కారణము తెలివిలేమి యని తీర్పు చెప్పుట మనకు సులభమైన అలవాటు. మేము చూచినంతవరకు అది అరుదైన కారణము. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఎనిమిదవ తరగతి వరకు ఏ పిల్లవానిని తరగతిలో నిలిపివేయరాదని విధించెను. పిల్లలు బడి మానకుండుటకై చేసిన ఆ విధి మంచిదే. కాని నిలిపివేయకుండుటతో పాటు వెనుకబడినవానికి ప్రత్యేకముగా బోధింపవలసిన పనిని మన పాఠశాలలు చాలచోట్ల చేయలేదు. 2019లో ఆ చట్టమును సవరించి ఐదు, ఎనిమిది తరగతులలో పరీక్ష పెట్టుటకు రాష్ట్రములకు అధికారమిచ్చిరి. ఈ లోపల ఎందరో పిల్లలు కూడికలలోని తప్పులను గూడ మోసికొని తొమ్మిదవ తరగతి చేరిరి. అచ్చట మొదటిసారి నిజమైన పరీక్ష వారికి ఎదురైనది. తొమ్మిదిలో కనబడిన రోగము ఐదవ తరగతిలో పుట్టినదై యుండవచ్చును.

రెండవ కారణము బోధనాభాష. ఇంట తెలుగు, బడిలో నిన్నటివరకు తెలుగు, నేటినుండి అన్నియు ఇంగ్లీషు. ఇంగ్లీషు నేర్చుకొనుట తగునా తగదా యను వాదము వేరు. అర్థము కాని భాషలో వచ్చిన లెక్కను చేయలేకపోయిన బాలునకు లెక్క రాదని వ్రాయుట మాత్రము అన్యాయము. ప్రశ్నను తెలుగున చెప్పి చూడుడు. చేయగలిగెనా, వానికి కావలసినది లెక్కల ట్యూషను కాదు, ఇంగ్లీషు ప్రశ్నను చదివి తెలిసికొను అభ్యాసము. మూడవ కారణము ఇల్లు: పత్తి ఏరు కాలమున బడి మానుట, తండ్రి జబ్బు, తల్లి కూలికి పోగా తమ్ముని చూచుకొనుట. నాలుగవది కన్ను. బల్ల మీది అక్షరములు కనబడవని చెప్పుటకు సిగ్గుపడి వెనుక బెంచీలో కూర్చుండు పిల్లలున్నారు. వారికి కావలసినది బెత్తము కాదు, కళ్లజోడు. ఐదవది చేతిలోని ఫోను. దానిని గూర్చి పెద్దలు రోజును ఉపన్యసించుచునే యున్నారు గాన మేము వేరుగా చెప్పవలసినది లేదు. ఉపన్యసించువారు తమ ఫోనును గూడ ప్రక్కన పెట్టిన బాగుండునని మాత్రము మనవి.

ఇచ్చట ఒక పెద్దమనిషి చరిత్రను స్మరింతము. మోహన్‌దాస్ కరమ్‌చంద్ గాంధీ రాజకోట హైస్కూలులో చదువుచుండగా, బాల్యవివాహము వలన ఒక సంవత్సరము పోగొట్టుకొనెను. ఉపాధ్యాయుడు ఆతనిని తరగతి దాటించి నాలుగవ ఫారమునకు పంపెను. అచ్చట పాఠములలో పెక్కు ఇంగ్లీషులోనే. రేఖాగణితము క్రొత్త విషయము; దానికి తోడు పరాయి భాష. ఏమియు తెలియక, క్రింది తరగతికి తిరిగి పోదునా యని ఆతడు తలపోసెను. అట్లు పోయిన తనకే కాక, తనను నమ్మి పైకి పంపిన ఉపాధ్యాయునకును చిన్నతనమగునని ఆగెను. యూక్లిడు పదమూడవ సిద్ధాంతము నొద్దకు కష్టపడి వచ్చినపుడు ఒక్కసారిగా తెర తొలగినట్లు ఆ శాస్త్రపు సులభత్వము తెలియవచ్చినదని తన ఆత్మకథలో చెప్పుకొనెను. పండ్రెండింటి వరకు చీకటిలో నడచినవానికే పదమూడవది వెలుగైనదని మన పిల్లలు గ్రహింపవలెను. ఆరింటి యొద్ద పుస్తకము మూసిన, ఆ వెలుగు రాకపోయెడిది.

అంతటితో ఆయన కష్టములు తీరినవనుకొనరాదు. 1887లో మెట్రిక్యులేషను నందు ఆయనకు వచ్చిన మార్కులు నూటికి 40 కంటె తక్కువే. మరుసటి యేడు భావనగరము సామలదాసు కళాశాలలో చేరి, ఉపన్యాసములు బోధపడక, ఒక టర్ము ముగియగానే ఇంటికి తిరిగి వచ్చెను. బారిస్టరు చదువునకు ఇంగ్లండు పోయి, అచ్చటి లండను మెట్రిక్యులేషనుకు కూర్చుండి లాటినులో తప్పెను. మరల చదివి రెండవసారి ఉత్తీర్ణుడయ్యెను. 1891లో బారిస్టరయ్యెను. ఈ చరిత్రలో అద్భుతమైన తెలివి ఎచ్చటను కనబడదు; విడువని పట్టు కనబడును. మా వంటి సామాన్యులకు ఇదియే యుపయోగించు దృష్టాంతము.

కొందరు దీనికి శ్రీనివాస రామానుజన్ ఉదాహరణము చెప్పి, "పరీక్షలు తప్పినవాడే గదా ప్రపంచ ప్రఖ్యాతుడయ్యెను, మార్కులతో పనియేమి" అందురు. ఈ మాటలో పొరపాటున్నది. రామానుజన్ 1904లో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో ఉపకారవేతనముతో చేరి, గణితము తప్ప వేరొకటి చదువక, ఆ వేతనమును పోగొట్టుకొనెను. తరువాత మదరాసు పచ్చయప్ప కళాశాలలో చేరియు ఎఫ్.ఏ. పరీక్షలో 1906లోను, 1907లోను తప్పెను. 1914లో కేంబ్రిడ్జికి పోవుటకు ముందు కొన్నేండ్లు ఆతడు బీదతనముతో పోరాడుచు, తన నోటుపుస్తకములను చేతబట్టుకొని ఇంటింటి వాకిట నిలువవలసి వచ్చెను. 1916లో కేంబ్రిడ్జి పట్టము, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము వచ్చినవి. 1920లో ముప్పదిరెండేండ్ల ప్రాయముననే మరణించెను. అట్టి మేధావిని గుర్తింపలేని పరీక్షాపద్ధతి సిగ్గుపడవలెను; అందు సందేహము లేదు. కాని అది పరీక్షలను గూర్చి మనము నేర్చుకొనవలసిన పాఠము. తొమ్మిదవ తరగతి బాలునకు దానిని మార్గముగా చూపరాదు. కోటికొకడు దాటిన అగాధమును రాజమార్గమని చెప్పుట పిల్లలకు ద్రోహము.

ఇక చేయవలసిన పని. తొమ్మిదవ తరగతి సంక్రాంతి మొదలు పదవ తరగతి పరీక్షల వరకు పదునాలుగు మాసములకు తక్కువ లేదు. ఇంటర్మీడియేటు చివరి పరీక్షల వరకు మూడు సంవత్సరముల పైమాట. కాలము చాలదనువాడు ఈ లెక్కను వ్రాసి గోడకు అంటింపవలెను. మొదట జవాబు పత్రములను ముందు పెట్టుకొని, పోయిన ప్రతి మార్కును మూడు రాశులుగా విడదీయవలెను: తెలియక పోయినవి, తెలిసియు తప్పు వ్రాసినవి, వేళ చాలక విడిచినవి. పై రైతు కుమారుని చేత మేమీ పని చేయింపగా, గణితములో పోయిన 79 మార్కులలో దాదాపు 30 తెలిసియు పోగొట్టుకొన్నవే యని తేలెను. గుర్తుల పొరపాట్లు, లెక్క సగము చేసి విడుచుట, ప్రశ్న సరిగా చదువకపోవుట. వాని ముఖమున మొదటిసారి వెలుగు వచ్చినది అప్పుడే. తాను మూఢుడు కాడని ఆ కాగితమే సాక్ష్యము చెప్పెను.

తెలియని రాశికి మందు వేరు. సిగ్గు విడిచి వెనుకకు పోవలెను. ఆరవ, ఏడవ, ఎనిమిదవ తరగతుల ప్రభుత్వ పాఠ్యపుస్తకములను తెచ్చి, ఏ లెక్క యొద్ద కాలు జారినదో ఆ లెక్క యొద్దకు చేరవలెను. తొమ్మిదవ తరగతివాడు ఆరవ తరగతి పుస్తకము పట్టుకొనుట అవమానము కాదు. పునాది చూడకుండ మేడకు సున్నము కొట్టుటయే అవమానము. ఇట్టి బాలుడు ఆరవ తరగతి లెక్కలను ఒక నెలలో ముగింపగలడు. ఆ వయస్సునకు బుద్ధి పెరిగియే యుండును. ప్రతిదినము ఒకటిన్నర గంట ఇందుకు కేటాయింపవలెను: నేటి పాఠమునకు ఒక గంట, పాత పాఠమునకు అరగంట. నేటి పాఠము చదువుట వడ్డీ కట్టుట వంటిది. పాత పాఠము నేర్చుట అసలు తీర్చుట. వడ్డీ మాత్రమే కట్టువాడు జన్మాంతమును అప్పులవాడే. వడ్డీ మాని అసలు తీర్చబోవువాడు రేపటి పాఠమున మునుగును. రెండును కావలెను. మరియు చదువుట చాలదు. పుస్తకము మూసి వ్రాయవలెను. పరీక్ష వ్రాతలో జరుగునుగాని చూపులో జరుగదు.

ఒకవేళ ఒక పరీక్ష తప్పినను దారులు మూసికొనవు. పదవ తరగతి తప్పినవారికి ఆ యేడే సప్లిమెంటరీ పరీక్షలు జరుగుచున్నవి. ఉత్తీర్ణులైనవారు ఆ సంవత్సరమే కళాశాలలో చేరగలరు. ఇంటర్మీడియేటు ప్రథమ సంవత్సరము ఉత్తీర్ణుడై మార్కులు చాలవనుకొన్నవాడు ఇంప్రూవుమెంటు వ్రాసికొనవచ్చును. బడి విడిచినవారికి 1991లో స్థాపింపబడిన సార్వత్రిక విద్యాపీఠపు పదవ తరగతి, ఇంటర్మీడియేటు చదువులు కలవు. మన దేశములోని మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే పుట్టినది. జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను వరుసగా మూడు సంవత్సరములు వ్రాయవచ్చును. ఇన్ని రెండవ అవకాశములను పెద్దలు కల్పించియుండగా, ఒక్క ప్రోగ్రెసు కార్డును చూచి ఇంటిలోనివారు ఉరితీర్పు చెప్పుట ఎట్టి న్యాయము? క్రింది కోర్టు తీర్పు పై అప్పీలుండని కేసు మా వృత్తిలోనే అరుదు.

ఇచ్చట తలిదండ్రులకు రెండు మాటలు. వెనుకబడిన పిల్లవానికి వెంటనే పెద్ద రుసుము గల హాస్టలు కళాశాల మందనుకొనకుడు. అట్టి చోట్ల మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడదీయుట మనకందరకు తెలిసిన వాడుకయే. ర్యాంకు తెచ్చువారి ఫొటోలు పత్రికల మొదటి పుటను నింపును. చివరి సెక్షనులోని పిల్లవాని రుసుముతోనే ఆ ప్రకటనల ఖర్చు గడచునని ఎవరును వ్రాయరు. మంచి ఉపాధ్యాయుడు ఎక్కువగా కావలసినది ఎవరికో వారికే తక్కువగా దొరకుట ఈ పద్ధతిలోని విపరీతము. రెండవ మాట: ఎంపీసీ, బైపీసీలు తప్ప వేరు గ్రూపులు శిక్షలని తలపకుడు. సివిక్సు, కామర్సు, చరిత్ర చదివినవారు వకీళ్లు, ఉపాధ్యాయులు, చార్టర్డు అకౌంటెంట్లు అగుచున్నారు. పిల్లవాని రుచి అటు ఉన్నయెడల అటు పంపుడు. రుచి లేక కాక భయముచేత గణితమును విడుచుచున్నాడా, ముందు పైన చెప్పిన పని చేయించి తరువాత నిర్ణయింపుడు.

మూడవ మాట చెప్పుటకు కలము వెనుకాడుచున్నది, చెప్పక తప్పదు. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడినపుడు, మార్కుల పట్టికలలో తప్పులు దొరలి, వ్రాసినవారికి గైరుహాజరని పడుట వరకు జరిగెను. ఆ దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. తరువాత ప్రభుత్వము విచారణ సంఘమును నియమించి, తప్పినవారందరి పత్రములను రుసుము లేకుండ మరల పరిశీలింపజేసెను. పత్రములు తిరిగి చూచుటకు వీలైనది. ఆ పిల్లలను తిరిగి తెచ్చుటకు వీలు లేకపోయినది. మార్కుల కాగితము తప్పు కావచ్చును, సరియైనదే కావచ్చును. రెండు విధములను అది కాగితమే. ఈ మాటను ఫలితములు వచ్చిన సాయంకాలము కాక, అంతకు ఎన్నియో మాసములు ముందుగానే తల్లి నోట, తండ్రి నోట పిల్లవాడు వినవలెను. ఇంట చెప్పుకొనలేని దిగులు గలవారు 14416 అను టెలీమానస్ నంబరునకు ఫోను చేయవచ్చును. 2022 నుండి కేంద్రప్రభుత్వమువారు రుసుము లేకుండ నడపుచున్న సేవ అది. ఈ నంబరును ప్రతి పఠనమందిరపు గోడ మీదను పెద్ద యక్షరములతో వ్రాయవలెనని కోరుచున్నాము.

వెనుకబడినవారిని ఇట్లు బుజ్జగించిన సోమరితనము పెరుగును గదా యని కొందరు మిత్రులు ఆక్షేపింతురు. మేము చెప్పిన దినచర్యను ఒక్క వారము తాము నడపి చూడుమని వారికి మా మనవి. ఆరవ తరగతి పుస్తకమును తోటివారి ఎదుట తెరచుటకు కావలసిన ధైర్యము మొదటి ర్యాంకు నిలుపుకొనుటకు కావలసినదానికంటె తక్కువది కాదు. పోటీలో గెలిచినవానిని ఊరేగింతుము. పడి లేచినవానిని పలుకరింపనైనను పలుకరింపము. ఈ లోపము మనది.

ఇక పని యెవరు చేయవలెను? ఉపాధ్యాయుడు ఒక్కడు తరగతిలో నలువదిమందిని చూచుచు ఈ పనియంతయు చేయలేడు. ఈ పుటను చదువుచున్న మీరు కూర్చుండిన పఠనమందిరమునే చూడుడు. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము మొదలైనపుడు, 1914లో బెజవాడలో మొదటి గ్రంథాలయ మహాసభ జరిగినపుడు, మన పెద్దలు గ్రంథాలయమును పుస్తకముల కొట్టుగా తలపలేదు. చదువు రానివానికి చదివి వినిపించు చోటుగా తలచిరి. ఆ యాశయమునకు నేటి రూపము ఇది: ప్రతి శాఖా గ్రంథాలయములోను సాయంకాలము ఒకటిన్నర గంట, ఒక నల్లబల్ల, ఆరు మొదలు ఎనిమిది వరకు మూడు తరగతుల పాఠ్యపుస్తకములు, వారమునకు ఒక దినము వచ్చు ఆరుగురు చదువుకొన్న పెద్దలు. రిటైరయిన ఉపాధ్యాయుడు, బ్యాంకు గుమాస్తా, ఇంజనీరు, డిగ్రీ చదువుచున్న విద్యార్థిని, మా వంటి వకీలు. ఇందుకు ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు, చందాలక్కరలేదు, తాళపుచెవి యుంచుకొన్నవాని మంచిమనస్సు చాలును. మా యూర మేము నలుగురము కలిసి ఈ పని చేయుచున్నాము. మొదటి యేడు పదునొకండుగురు పిల్లలు వచ్చిరి. వారిలో ముగ్గురు మధ్యలోనే మానిరి. మానినవారి ఇండ్లకు సకాలమున మేము పోకపోతిమి. ఆ తప్పు మాదే.

మొదట చెప్పిన రైతు ప్రశ్నకు ఆనాడు మేమేమి చెప్పితిమో చెప్పి ముగింతుము. ఈ వ్యాసము వ్రాయుచున్నవాడు తొమ్మిదవ తరగతి అర్ధసంవత్సర పరీక్షలో గణితమున నూటికి 19 తెచ్చుకొన్నవాడు. కార్డు మీద తండ్రి సంతకమును తానే పెట్టి పట్టుబడినవాడు. ఆ రాత్రి ఆ తండ్రి కొట్టలేదు. లాంతరు దగ్గరకు జరిపి, "ఎక్కడినుంచి రాదో అక్కడినుంచి మొదలెడదాం రా" అనెను. ఆయన చదివినది ఐదవ తరగతి. ఇద్దరము కలిసి భిన్నముల యొద్ద మొదలుపెట్టితిమి. ఈ మాట చెప్పగా రైతు మాటాడలేదు. వాకిటి యొద్ద నున్న బాలుడు మాత్రము మొదటిసారి తల యెత్తి చూచెను.

ఆ బాలుడు ర్యాంకు తెచ్చుకొనలేదు. పత్రికలో వాని ఫొటో పడలేదు. పదవ తరగతిలో గణితమున 58, ఇంటర్మీడియేటులో మొత్తము మీద నూటికి 71 తెచ్చుకొని, నేడు జిల్లా కేంద్రములోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో గణితము ప్రధాన విషయముగా చదువుచున్నాడు. సెలవులలో వచ్చినపుడు మా గ్రంథాలయపు నల్లబల్ల యొద్ద నిలిచి భిన్నములు చెప్పుచున్నాడు. తప్పుచేసిన పిల్లవానిని వాడు కోపపడుటను మేమింతవరకు చూడలేదు. వాని తండ్రి గట్టు తగాదా మాత్రము ఇంకను కోర్టులోనే యున్నది.